ఓడవాళ్ళకి క్రిస్మస్ సినిమా

డిసెంబరు ఇరవై దాటిందంటే నాకు గుండెలో దడ మొదలవుతుంది. రిటైరై ఇంట్లో కూర్చున్నాను, పైన బాస్ లేడు, కింద పని లేదు. అయినా దడ మాత్రం క్యాలెండరు చూసుకుని మరీ వస్తుంది. ఆ వారం నా బీపీ మాత్రలు మా ఆవిడ లక్ష్మి తన దగ్గరే పెట్టుకుని టైముకి చేతికిస్తుంది. "ఇప్పుడు ఎవరికి ఏ సినిమా వెయ్యాలని మీకింత కంగారు?" అంటుంది. ఎవరికీ వెయ్యక్కర్లేదు. ముప్పై ఏళ్ళ అలవాటు, అంత తొందరగా పోదు.

విశాఖ పోర్టు దగ్గర ఓడవాళ్ళ క్లబ్బు ఒకదాంట్లో నేను వెల్ఫేర్ అసిస్టెంటుగా పనిచేశాను. పరాయి దేశాల ఓడల్లో వచ్చిన నావికులు ఒడ్డు దిగితే కాసేపు కూర్చోడానికి, ఇంటికి ఫోను చేసుకోడానికి, క్యారమ్స్ ఆడుకోడానికి ఉన్న చోటు అది. మా గోదావరి వైపు చుట్టాలు "ఓహో, మందు పోసే ఉద్యోగమా?" అనేవారు. కాదురా బాబూ అని చెప్పీ చెప్పీ విసుగొచ్చి మానేశాను. ఈమధ్య ఆ క్లబ్బులో ఇద్దరు కొత్తవాళ్ళు చేరారని విన్నాను. ఇది వాళ్ళ కోసం రాస్తున్నాను. ఫైళ్ళెలా పెట్టాలో వాళ్ళకి ఆఫీసే చెబుతుంది. నేను చేసిన తప్పులు మాత్రం ఆఫీసుకి తెలియవు.

అసలు పని ఏమిటంటే, ఒక సంచీ భుజాన వేసుకుని ఓడ నిచ్చెన ఎక్కడం. సంచీలో సిమ్ కార్డులు, పాత పేపర్లు, ఉన్ని టోపీలు. అవును, ఉన్ని టోపీలే! ఏదో చలిదేశంలో ముసలమ్మలు అల్లి ప్రేమగా పంపేవారు. విశాఖ ఉక్కలో, బొగ్గు దుమ్ములో, చెమటలు కక్కుతూ నేను ఉన్ని టోపీలు పంచేవాణ్ణి. అదంతా సులువే. డిసెంబరు ఇరవై నాలుగున క్లబ్బు హాల్లో క్రిస్మస్ సినిమా వెయ్యడం ఉందే, అదే నా ప్రాణం తీసింది.

మొదటి తప్పు

చేరిన మొదటి ఏడాదే మా మేనేజరు ఫ్రాన్సిస్ గారు నన్ను పిలిచి, "మూర్తీ, క్రిస్మస్ సినిమా సంగతి నువ్వు చూసుకో" అన్నారు. ఆయన పాత ఓడ మనిషి, సముద్రం మీద సగం జీవితం గడిపి వచ్చినవాడు. మాట తక్కువ, చూపు ఎక్కువ.

నాకేం తెలుసు? మాది పూజలూ నోములూ ఉన్న ఇల్లు. చిన్నప్పుడు చర్చి గ్రౌండులో తెల్లగుడ్డ కట్టి ఉచితంగా వేసే ఏసుప్రభువు సినిమా, వీధి పిల్లలందరితో పాటు నేనూ పరుగెత్తుకెళ్ళి చూసినవాణ్ణే. నా లెక్కలో ఏసుప్రభువు ఉంటే అది క్రిస్మస్ సినిమా. అంతకంటే ఏం కావాలి? వీడియో షాపుకెళ్ళి తెలుగులో మాట్లాడే ఆ క్యాసెట్టే తెచ్చాను. హాలునిండా రకరకాల దేశాలవాళ్ళు. పశువుల పాక, నక్షత్రం, జ్ఞానులు వచ్చినంతసేపూ బాగానే ఉంది. భాష రాకపోయినా అందరికీ కథ తెలుసు కదా. తర్వాత అది ఆగలేదు. కొరడా దెబ్బలు వచ్చాయి, ముళ్ళ కిరీటం వచ్చింది, మేకులు వచ్చాయి. ఒక పెద్దాయన లేచి ఛాతీ మీద శిలువ గుర్తు వేసుకుని బయటికి వెళ్ళిపోయాడు. ఆయన వెనకే నలుగురు. కేకు ముక్కలు ప్లేట్లలో అలాగే ఉండిపోయాయి.

ఫ్రాన్సిస్ గారు లైట్లు వేసి నా దగ్గరికొచ్చారు. "పుట్టినరోజుకి వచ్చినవాళ్ళకి చావు చూపించావు కదయ్యా" అన్నారు. తిట్టినా బాగుండేది. నాకు తల కొట్టేసినట్టయింది.

నాలుగు గుర్తులు

ఆ భయంతో నేను నోటుబుక్కులో నియమాలు రాసుకున్నాను. సినిమాలో మంచు పడాలి. దీపాల చెట్టుండాలి. విడిపోయిన కుటుంబం భోజనాల బల్ల దగ్గర కలవాలి. చివర ఎవరూ చావకూడదు. ఈ నాలుగూ ఉంటేనే క్రిస్మస్ సినిమా, లేకపోతే కాదు. ఆ పుస్తకం చూపిస్తే ఫ్రాన్సిస్ గారు నవ్వి, "మంచు చూడనివాడు రాసిన మంచు రూలు" అన్నారు. నేను పట్టించుకోలేదు. నియమం ఉంటే తప్పు నా మీదకి రాదు కదా. భయపడే మనిషికి నియమాలంటే ఎంత ఇష్టమో నన్ను చూసే తెలుసుకోండి.

మా క్లబ్బు వ్యాన్ డ్రైవరు అప్పలరాజుకి మాత్రం నా నియమాలంటే లెక్క లేదు. భీమిలి మనిషి, వాళ్ళ నాన్న పడవ మీద బతికాడు, ఇతను స్టీరింగు పట్టాడు. ఒక క్రిస్మస్ పూట హాల్లో ప్రొజెక్టరు పాడైతే, నాతో ఒక్కమాట చెప్పకుండా పన్నెండుమంది నావికుల్ని వ్యాన్లో వేసుకుని ఊళ్ళో తెలుగు సినిమాకి తీసుకుపోయాడు. కత్తులూ జీపులూ గాల్లోకి లేచే సినిమా. వాళ్ళు తిరిగొచ్చేదాకా గేటు దగ్గర కాలుగాలిన పిల్లిలా తిరిగాను. రాగానే అతని మీద పడ్డాను.

"ఏమయ్యా అప్పలరాజూ, క్రిస్మస్ పూట నరుకుళ్ళ సినిమా చూపిస్తావా? బుద్ధుందా నీకు?"

"నన్నంటావేటి బావా? పోస్టర్ మీద క్రిస్మస్ కానుక అని ఇంతింత అచ్చరాలతో రాసీసుంది. నానేటి సేత్తాను? కానుకంటే ఇచ్చీడానికే కదా!"

ఆ పన్నెండుమందీ వ్యాను దిగుతూ ఈలలు వేశారు. ఒకడు హీరోలా తువ్వాలు తిప్పాడు. నా సినిమా చూసి ఏనాడూ ఎవరూ అలా ఈల వెయ్యలేదు. ఆ రోజే నేను కొంచెం ఆలోచించి ఉంటే, తర్వాత జరిగింది జరిగేది కాదు. ఆలోచించలేదు. "ఆయ్, నీకేం తెలుసు" అని అతన్నే కసిరాను. నేను కసిరితే అతను నా 'ఆయ్'ని వెక్కిరించేవాడు, అదొకటి మా ఇద్దరి మధ్యా రోజూ ఉండేదే.

మేక అడిగిన మనిషి

అప్పటికి ఫ్రాన్సిస్ గారు రిటైరై ఇంట్లో ఉంటున్నారు. క్లబ్బు నా చేతికొచ్చింది. కరోనా ఏడాది అది. ఓడ దిగడానికి ఎవరికీ అనుమతి లేదు. మేమూ ఓడ ఎక్కకూడదు. కింద ఓడని కట్టేసే గట్టు, అదే బెర్తు మీద నిలబడితే పైనుంచి తాడుతో బకెట్ దింపేవారు, మేం సామాన్లు అందులో పెడితే లాక్కునేవారు. సినిమాలు కూడా హార్డ్ డిస్కులో పెట్టి అలాగే పంపేవాణ్ణి.

డిసెంబరు ఇరవై రెండున ఒక బొగ్గు ఓడ కెప్టెన్ ఫోను చేశాడు. మర్యాదస్థుడు, గొంతు మాత్రం బాగా అలిసిపోయి ఉంది. వాళ్ళ వంటవాడు, జోయెల్ అని ఫిలిప్పీన్స్ కుర్రాడు, మూడేళ్ళుగా క్రిస్మస్‌కి ఇంటి ముఖం చూడలేదట. అతని కాంట్రాక్టు వర్షాకాలంలోనే అయిపోయింది. బ్యాగు సర్దుకుని కూర్చున్నాడు. అతని బదులు మనిషి రాలేదు, విమానాలు లేవు. పది రోజులుగా సరిగా తినడం లేదు, వండడం మానేశాడు, ఓడ వెనక భాగంలో నిలబడి నీళ్ళకేసి చూస్తూ ఉంటాడు.

"అతన్ని ఒంటరిగా వదలడం లేదు. రోజూ ఫోన్లో డాక్టరుతో మాట్లాడిస్తున్నాను" అన్నాడు కెప్టెన్. "ఇరవై నాలుగు సాయంత్రం అందరం కలిసి కూర్చుంటే మంచిదనిపిస్తోంది. మంచి క్రిస్మస్ సినిమా పంపండి. నాకు భయంగా ఉంది."

ఒక కెప్టెన్ నోట భయం అన్నమాట వినడం నాకు అదే మొదటిసారి. మర్నాడు పొద్దున్నే నా నాలుగు గుర్తులూ ఉన్న నాలుగు సినిమాలు డిస్కులో ఎక్కించుకుని బెర్తు దగ్గరికి వెళ్ళాను. బకెట్ దిగింది. డిస్కు పెట్టాను. తలెత్తితే పైన రెయిలింగు దగ్గర సన్నటి మనిషి ఒకడు కనిపించాడు, పక్కనే ఇంకొకడు కాపలా ఉన్నట్టు నిలబడ్డాడు. సన్నటివాడు మాస్కు దించి అరిచాడు. "సర్! టాక్సీ మీద మేక ఎక్కే సినిమా ఉందా? ముసలి డ్రైవరు, మేక. అది మా క్రిస్మస్ సినిమా."

మేకేంటి, టాక్సీ ఏంటి! నేను ఎప్పుడూ వినలేదు. "అందులో మంచు ఉంటుందా?" అని అరిచాను.

"లేదు సర్. వాన."

"చెట్టు?"

"లేదు సర్."

"అయితే అది క్రిస్మస్ సినిమా కాదు. మంచివి పంపాను, చూడు" అన్నాను.

ఇలా కాగితం మీద చూసుకుంటుంటే సిగ్గుగా ఉంది. అతను మాస్కు పైకి లాక్కుని లోపలికి వెళ్ళిపోయాడు.

ఖాళీ కుర్చీ

ఇరవై నాలుగు పొద్దున ఎనిమిదింటికి కెప్టెన్ ఫోను. డిస్కు పనిచేస్తోందో లేదో చూద్దామని ముందురోజు సాయంత్రం ఒక సినిమా వేశారట. అందులో పెద్ద భోజనాల బల్ల, చుట్టూ కుటుంబం, మధ్యలో రాని కొడుకు కోసం ఉంచిన కుర్చీ. జోయెల్ లేచి క్యాబిన్లోకి పోయి తలుపేసుకున్నాడు. పిలిచినా పలకలేదు. తాళం పగలగొట్టి లోపలికి వెళ్ళారు. మంచం మీద కూర్చుని ఉన్నాడు, క్షేమంగానే ఉన్నాడు. అప్పటినుంచి పక్కన మనిషిని పెట్టారు.

"ఏమన్నాడు?" అన్నాను.

"ఒక్కమాటే అన్నాడు. నేను అడిగింది ఒక్కటి, అది కూడా లెక్కలోకి రాదన్నారు అని."

ఆ మాట అన్నది నేను. ఆ కుర్రాడికి ఏమైనా అయితే దానికి నేనే కారణం అనిపించింది. ఇంకెవరికి చెప్పుకోవాలో తెలియక ఫ్రాన్సిస్ గారికి ఫోను చేసి జరిగిందంతా చెప్పాను. ఆయన అంతా విని అడిగారు.

"ఆ సినిమాలో ఏముందో అడిగావు. ఆ సినిమా ఆడుతుంటే వాళ్ళింట్లో ఏం జరిగేదో అడిగావా?"

అడగలేదు. వెంటనే కెప్టెన్‌కి చేశాను. ఆయన జోయెల్‌ని అడిగి పావుగంటలో తిరిగి చేశాడు. వాళ్ళ ఊళ్ళో ప్రతి ఇరవై నాలుగున టీవీలో అదే సినిమా వేస్తారట. మేక టాక్సీ మీదకి ఎక్కగానే వాళ్ళమ్మ ఎసట్లో నూడుల్స్ వేస్తుంది. తప్పిపోయిన మేక దొరికేసరికి వంటయిపోతుంది, అందరూ కంచాలు పట్టుకుంటారు. గడియారం చూడరు, మేకనే చూస్తారు.

నా నోటుబుక్కులో ఇది ఏ గుర్తు కింద రాయాలి?

చేతి తొడుగులో సినిమా

ఇంటర్నెట్లో వెతికితే పోస్టరు దొరికింది, సినిమా దొరకలేదు. పోర్టులో ఆ రోజు ఫిలిప్పీన్స్ మనుషులున్న ఓడలు ఇంకో మూడున్నాయి. వాళ్ళకి సిమ్ కార్డులు ఇచ్చింది నేనే కాబట్టి నంబర్లున్నాయి. మొదటి ఓడవాడు మేక మాట ఎత్తగానే పకపకా నవ్వాడు, కానీ అతని దగ్గర లేదు. రెండోవాడు ఫోనెత్తలేదు. మూడోది బయటి హార్బరులో ఇనుప ఖనిజం ఓడ. దాని ఎలక్ట్రీషియన్ "ఉంది సర్, నా ల్యాప్‌టాప్‌లో ఉంది" అన్నాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. "కానీ మేం రెండింటికి బయల్దేరుతున్నాం" అన్నాడు. అప్పుడు పన్నెండున్నర. ఫోన్లో పంపమంటే ఓడ మీద సిగ్నలుకి అది సాయంత్రానికి కూడా రాదు.

అప్పలరాజు వ్యాను ఎలా తోలాడో నాకు గుర్తులేదు, కళ్ళు మూసుకున్నాను. తీరా వెళితే బయటి హార్బరు గేటు దగ్గర గార్డు ఆపేశాడు. నా పాసు లోపలి హార్బరుకే చెల్లుతుందట. కొత్త పాసు ఇచ్చే ఆఫీసులో భోజనాల టైము. బతిమాలాను. ఒక మనిషి ప్రాణమయ్యా అన్నాను. అతను మాత్రం ఏం చేస్తాడు, రూలు రూలే. నేనూ అలాంటి రూలు పట్టుకునే కదా ఇక్కడిదాకా తెచ్చాను.

అప్పుడు అప్పలరాజు, "బావా, ఊరుకో. మా బామ్మర్ది ఆ బెర్తు మీదే ఉన్నాడు, ఓడ తాళ్ళు ఇప్పీ పని ఆడిదే" అని ఫోను తీశాడు. "ఒరే, ఇన్రా. నీ ఓడోడు పైనుండి ఏటో ఇసుర్తాడు. నీళ్ళలో పడనిచ్చావంటే మీ అక్కకి సెప్పీగల్ను, జాగర్త!"

నేను ఎలక్ట్రీషియన్‌కి చెప్పాను. ఇద్దరం గేటు దగ్గర ఎండలో నిలబడ్డాం. ఒంటిగంటన్నర అయింది. ఓడని బయటికి నడిపించే పైలట్ ఎక్కేశాడని కబురొచ్చింది. నిచ్చెన పైకి లాగేస్తున్నారని ఇంకో కబురు. అప్పలరాజు ఫోను మోగింది. చెవిన పెట్టుకుని పళ్ళన్నీ బయటపెట్టాడు. "పట్టీసాడు బావా! సేతి తొడుగులో పెట్టి తాడుకి కట్టి ఇసిరినాడంట. తిన్నగా ఎదాన పడ్డాది!"

బామ్మర్ది పరుగెత్తుకుంటూ గేటుకొచ్చాడు. పాత చేతి తొడుగు, దాని బొటనవేలి లోపల పెన్‌డ్రైవు. నేను చెయ్యి చాపేలోగా గార్డు "ఆగండి సార్, రూలు" అని దాని మీద శానిటైజరు బుస్సుమని కొట్టాడు.

"ఒరే ఒరే ఒరే!" అని అరిచాను. అంత వయసులో ఒక గార్డుని ఒరే అనడం అదే మొదలు, అదే ఆఖరు. చొక్కా అంచుతో తుడిచాను. అప్పలరాజు వ్యాను కిటికీలోంచి ఒక చెయ్యి బయటికి పెట్టి, దాన్ని గాలికి ఆరబెడుతూ, ఇంకో చేత్తో తోలాడు.

బొగ్గు ఓడ దగ్గర బకెట్ దిగింది. తొడుగుతో సహా వేశాను. కెప్టెనే లాక్కున్నాడు. "తడిసింది, బాగా ఆరాక పెట్టండి" అని అరిచాను. ఆయన చెయ్యి ఊపాడు.

ఇంటికెళ్ళి ఫోను ముందు పెట్టుకుని కూర్చున్నాను. లక్ష్మి కాఫీ ఇచ్చింది, చల్లారిపోయింది. ఆరున్నర, ఏడు. ఎనిమిదికి మెసేజి వచ్చింది. 'పెన్‌డ్రైవు పనిచేసింది. అతను చివరిదాకా చూశాడు. ఏమీ మాట్లాడలేదు.' అంతే. చివరిదాకా చూశాడంటే మంచిదా చెడ్డదా? రాత్రంతా అదే ఆలోచన.

ఉప్పు

క్రిస్మస్ రోజు పదకొండింటికి బెర్తు దగ్గరికి వెళ్ళాం. హారన్ కొట్టడానికి అప్పలరాజుకి చెయ్యి రాలేదు. నిలబడ్డాం. చాలాసేపటికి బకెట్ మెల్లగా దిగడం మొదలుపెట్టింది. తాడు పట్టుకున్నది సన్నటి మనిషి. పక్కన కాపలా మనిషి ఉన్నాడు, అతను నవ్వుతున్నాడు.

బకెట్లో మూతపెట్టిన స్టీలు గిన్నె, దాని పైన ఆ పెన్‌డ్రైవు. గిన్నె వేడిగా ఉంది. నూడుల్స్.

"రాత్రి మేక ఎక్కగానే నూడుల్స్ వేశాడు" అని పైనుంచి కెప్టెన్ అరిచాడు. "ఈ పూట మళ్ళీ చేశాడు, మీకు పంపాలని."

నేను తలెత్తి, "జోయెల్, నాది తప్పయ్యా! అది క్రిస్మస్ సినిమానే!" అని గట్టిగా అరిచాను. ఇంగ్లీషులో మొదలుపెట్టి తెలుగులో ముగించినట్టున్నాను. అతను చెయ్యెత్తాడు. నాకు కళ్ళ నీళ్ళు ఆగలేదు.

వ్యానులో కూర్చుని ఇద్దరం ఆ గిన్నెలోదే తిన్నాం. అప్పలరాజు రెండు ముద్దలు తిని మొహం పెట్టాడు. "ఉప్పెక్కువైపోనాది బావా."

"నోర్మూసుకుని తిను" అన్నాను.

అతను గిన్నె అడుగు దాకా తిన్నాడు.

కొత్తగా చేరినవాళ్ళకి

నా నోటుబుక్కు మీకు దొరికితే పారెయ్యండి. ఏ సినిమా క్రిస్మస్ సినిమా అని ఎవరైనా అడిగితే మీరు జవాబు చెప్పకండి, తిరిగి వాళ్ళనే అడగండి. అది ఆడుతుంటే మీ ఇంట్లో ఎవరెక్కడ కూర్చునేవారు, ఏం వండేవారు అని అడగండి. వాళ్ళు ఏ పేరు చెబితే అది వెతికి తెండి. కత్తుల సినిమా అయినా సరే. మీకు తెలియనిదాన్ని కాదు అని మాత్రం అనకండి. ఎత్తున నిలబడి ఉన్న మనిషికి ఆ మాట ఎంత బరువో కింద బెర్తు మీద ఉన్నవాడికి తెలియదు.

జోయెల్ ఫిబ్రవరిలో ఇల్లు చేరాడు. అప్పటినుంచి ప్రతి ఇరవై నాలుగు సాయంత్రం నాకొక ఫొటో పంపుతాడు. పొయ్యి మీద గిన్నె, వెనక టీవీలో టాక్సీ, దాని మీద మేక. మాటలేమీ ఉండవు. ఆ పెన్‌డ్రైవు ఇప్పుడు మా టీవీకే ఉంటుంది. భాష ఒక్క ముక్క రాదు, అయినా లక్ష్మికి మేక ఎప్పుడు ఎక్కుతుందో తెలుసు.

మొన్న ఇరవై నాలుగున అయిదున్నర దాటినా ఫొటో రాలేదు. మళ్ళీ ఓడెక్కాడని తెలుసు, కానీ ఏ సముద్రంలో ఉన్నాడో తెలియదు. లక్ష్మి మాత్ర చేతిలో పెట్టింది. మింగాను. ఆరయింది. ఆరున్నర అయింది. టీవీ పెట్టనివ్వలేదు నేను.

ఏడింటికి ఫోను టింగుమంది. ఓడ వంటగది. పెద్ద గిన్నె, గోడకి ఆనించిన చిన్న ఫోన్లో మేక, గిన్నె చుట్టూ పదిమంది కంచాలు పట్టుకుని నిలబడ్డారు. మధ్యలో గరిటె పట్టుకుని కాస్త ఒళ్ళు చేసిన జోయెల్.

"లక్ష్మీ, ఎసరు పెట్టు" అన్నాను.